డ్రైవర్లలో నల్ పాయింటర్ క్రాష్‌లు: ఇఫ్ పెట్టే ముందు చూడాల్సినవి

డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపించే కోడ్) క్రాష్ అయింది, లాగ్‌లో నల్ పాయింటర్ (దేన్నీ చూపించని, సున్నా విలువ ఉన్న పాయింటర్) అని కనబడింది, వెంటనే ఆ లైన్ పైన ఒక ఇఫ్ పెట్టి నల్ అయితే వెనక్కి వెళ్లిపొమ్మని రాసి పంపేశారు. క్రాష్ ఆగింది. కానీ ఆ పాయింటర్ అక్కడికి నల్‌గా ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు, కాబట్టి అసలు బగ్ అలాగే ఉంది, రేపు ఇంకో ఫంక్షన్‌లో, ఈసారి బహుశా లాగ్ కూడా మిగలకుండా బయటపడుతుంది. రోగమొకటి, మందొకటి.

నేను చూసినంతలో డ్రైవర్ల నల్ క్రాష్‌లలో ఎక్కువ భాగం చెక్ మర్చిపోవడం వల్ల రావు. పాయింటర్ ఇంకా సిద్ధం కాకముందే ఎవరో దాన్ని వాడేయడం వల్లో, అది పోయాక కూడా ఇంకెవరో వాడుతూ ఉండడం వల్లో వస్తాయి. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ పాయింటర్ ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుంది, ఆ హామీ ఎవరిది? దానికి జవాబు ఉంటే చాలా చోట్ల చెక్ అవసరమే ఉండదు. జవాబు లేకపోతే ఎన్ని చెక్‌లు పెట్టినా లాభం లేదు. ఉదాహరణలు ఎక్కువగా లైనక్స్ నుంచి, అక్కడక్కడా విండోస్ నుంచి తీసుకున్నాను.

మామూలు ప్రోగ్రామ్‌లో నల్ పాయింటర్ ముట్టుకుంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే చస్తుంది. డ్రైవర్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) లోపల నడుస్తుంది కాబట్టి అక్కడ ఆ అదృష్టం లేదు. లైనక్స్‌లో ఊప్స్ (కెర్నెల్ తన తప్పును లాగ్‌లో రాసే మెసేజ్) వచ్చి ఆ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌ను చంపేస్తారు, కానీ ఆ ప్రాసెస్ పట్టుకున్న లాక్‌ను ఎవరూ వదిలిపెట్టరు, కాసేపటికి ఆ లాక్ కోసం చూసే వాళ్లందరూ ఒక్కొక్కరే ఆగిపోతారు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (డివైస్ పిలవగానే నడిచే ఫంక్షన్) జరిగితే నేరుగా ప్యానిక్, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోతుంది. పానిక్_ఆన్_ఊప్స్ సెట్ చేసి ఉంటే ఎక్కడ జరిగినా ప్యానిక్. విండోస్‌లో అయితే బ్లూ స్క్రీన్.

ముందు లాగ్ సరిగ్గా చదవండి

ఊప్స్ మెసేజ్‌లో అందరూ "నల్ పాయింటర్" అన్న మాట చూసి వదిలేస్తారు, పక్కన ఉన్న అడ్రస్ చూడరు. అసలు సమాచారం అక్కడే ఉంది. అడ్రస్ 0000000000000018 అని ఉంటే ఎవరో నల్‌గా ఉన్న స్ట్రక్ట్ పాయింటర్ పట్టుకుని, మొదటి నుంచి హెక్స్ 18 దూరంలో, అంటే 24వ బైట్ దగ్గర ఉన్న మెంబర్‌ను చదవబోయారని అర్థం. పాహోల్ టూల్‌తో స్ట్రక్ట్ లేఅవుట్ తీస్తే ఆ ఆఫ్‌సెట్‌లో ఏ మెంబర్ ఉందో వస్తుంది. ఒకే లైన్‌లో మూడు బాణాలు (->) వరుసగా ఉన్నప్పుడు వాటిలో ఏది నల్ అన్నది తేల్చడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు. ఫంక్షన్ పేరు, ప్లస్ గుర్తు, ఒక అంకె ఉన్న ముక్కను కెర్నెల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉండే ఎఫ్‌యాడర్2లైన్‌కు ఇస్తే సోర్స్ లైన్ నంబర్ ఇస్తుంది, మొత్తం ట్రేస్ కావాలంటే డీకోడ్_స్టాక్‌ట్రేస్ ఉంది. రెండింటికీ డీబగ్ సమాచారంతో కట్టిన, సరిగ్గా అదే కెర్నెల్, అదే మాడ్యూల్ కావాలి, అందుకే బయటికి పంపిన ప్రతి బిల్డ్ సింబల్స్ దాచుకోండి.

కొన్ని క్రాష్‌లు నల్ అని చెప్పుకోకుండా వస్తాయి. అడ్రస్ అంతా ఎఫ్‌లతో నిండి చివర ఎఫ్4 లాంటిది ఉంటే అది మైనస్ 12, అంటే మెమరీ దొరకలేదన్న ఎర్రర్ కోడ్. ఎవరో ఎర్రర్ పాయింటర్‌ను అసలైన పాయింటర్ అనుకుని వాడారు (మెంబర్ ఆఫ్‌సెట్ కలిస్తే అంకె కాస్త జరుగుతుంది, అది తీసేసి చూడండి). ఇన్‌స్ట్రక్షన్ పాయింటరే సున్నా అయితే నల్‌గా ఉన్న ఫంక్షన్ పాయింటర్‌ను పిలిచారని అర్థం, అప్పుడు పై లైన్ చూసి లాభం లేదు, కాల్ ట్రేస్‌లో దాని కింద ఉన్న ఫంక్షన్ చూడాలి. ఇక కాసాన్ (మెమరీ తప్పులను పట్టే కెర్నెల్ టూల్) ఆన్ చేసిన కెర్నెల్‌లో నల్ క్రాష్ ఒక్కోసారి జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ పేరుతో, డీఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌సీ అని మొదలయ్యే వింత అడ్రస్‌తో వస్తుంది, కొత్తవాళ్లు దాన్ని చూసి మెమరీ పాడైందనుకుంటారు. అది కాసాన్ షాడో అడ్రస్, అంటే కాసాన్ తన లెక్క రాసుకునే చోటు. చివర 3 ఉంటే దాన్ని 8తో హెచ్చవేయండి, 24, మళ్లీ అదే హెక్స్ 18. మామూలుగా దాని కింద లైన్‌లోనే కాసాన్ ఆ రేంజ్ రాసి పెడుతుంది.

విండోస్‌లో ఎక్కువగా కనబడేది డీ1 బగ్ చెక్ (బ్లూ స్క్రీన్‌లో కనబడే కోడ్). దాని మొదటి పారామీటర్ ముట్టుకోబోయిన అడ్రస్, రెండోది ఐఆర్‌క్యూఎల్ (అప్పటి ఇంటరప్ట్ స్థాయి), మూడోది చదవడమా రాయడమా, నాలుగోది ఆ పని చేసిన కోడ్ అడ్రస్. మొదటి పారామీటర్ చిన్న అంకె అయితే ఇక్కడ కూడా అదే ఆఫ్‌సెట్ లెక్క.

ఫెయిలైతే ఏం తిరిగొస్తుంది

ఇది బోరింగ్ విషయమే కానీ ఇక్కడ జరిగే తప్పులు లెక్కలేనన్ని. లైనక్స్ కెర్నెల్‌లో పాయింటర్ ఇచ్చే ఫంక్షన్లు ఫెయిలైనప్పుడు కొన్ని నల్ ఇస్తాయి, కొన్ని ఎర్రర్ కోడ్‌ను పాయింటర్‌లో దాచి ఇస్తాయి. కేమాలక్, ఐఓరీమ్యాప్, డీఎంఏ_అలాక్_కోహెరెంట్, అలాక్_వర్క్‌క్యూ, డెవ్ఎం_కేఏఎస్‌ప్రింట్ఎఫ్ ఫెయిలైతే నల్. డెవ్ఎం_ఐఓరీమ్యాప్_రిసోర్స్, డెవ్ఎం_సీఎల్‌కే_గెట్, కేథ్రెడ్_రన్ ఫెయిలైతే ఎర్రర్ పాయింటర్. మొదటి రకానికి ఈజ్_ఎర్ర్ (ఇది ఎర్రర్ పాయింటరేనా అని చూసేది) చెక్ పెడితే నల్ హాయిగా దాటిపోతుంది, రెండో రకానికి నల్ చెక్ పెడితే ఎర్రర్ పాయింటర్ హాయిగా దాటిపోతుంది. డెవ్ఎం_ఐఓరీమ్యాప్‌కు, డెవ్ఎం_ఐఓరీమ్యాప్_రిసోర్స్‌కు పేరులో ఒక్క ముక్కే తేడా, ఫెయిలయ్యే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి కోడ్ మార్చినప్పుడు కింద చెక్ మార్చడం మర్చిపోవడం చాలా మామూలు.

గుర్తు లేదు కదా అని రెండూ కలిపి ఈజ్_ఎర్ర్_ఆర్_నల్ పెట్టేస్తే సరిపోతుందనుకోకండి. దాని కింద చాలామంది పీటీఆర్_ఎర్ర్ (పాయింటర్‌లో దాచిన ఎర్రర్ కోడ్) తిరిగి ఇస్తారు. పాయింటర్ నల్ అయితే పీటీఆర్_ఎర్ర్ విలువ సున్నా, సున్నా అంటే సక్సెస్. అంటే ప్రోబ్ (డ్రైవర్‌ను డివైస్‌కు కట్టేటప్పుడు నడిచే ఫంక్షన్) సగంలో ఆగిపోయింది, కానీ డ్రైవర్ బాగా ఎక్కిందని కెర్నెల్ నమ్మింది. డ్రైవర్ డేటా (డివైస్‌కు తగిలించే మన స్ట్రక్ట్ పాయింటర్) ఇంకా సెట్ కాలేదు. ఎప్పుడో సస్పెండ్ చేసినప్పుడో, డ్రైవర్ తీసేసినప్పుడో ఆ డేటా అడిగితే నల్ వస్తుంది, అక్కడ క్రాష్, అప్పుడు అందరూ సస్పెండ్ కోడ్‌లో వెతుకుతారు. కోడ్ నడపకుండానే తప్పులు వెతికే స్మాచ్ టూల్ ఈ తప్పును పట్టి చెబుతుంది. ఫంక్షన్ సోర్స్ తెరిచి ఒక్క నిమిషం చదివితే ఏ చెక్ కావాలో తెలుస్తుంది, దయచేసి ఆ నిమిషం ఖర్చు పెట్టండి.

ఆప్షనల్ అన్న మాట పేరులో ఉన్నవి ఇంకో రకం. డెవ్ఎం_సీఎల్‌కే_గెట్_ఆప్షనల్‌కు క్లాక్ దొరకకపోతే నల్ ఇస్తుంది, అది తప్పు కాదు, ఆ నల్‌ను అలాగే సీఎల్‌కే_ప్రిపేర్_ఎనేబుల్‌కు ఇచ్చినా ఊరికే సున్నా తిరిగొస్తుంది. జీపీఐఓ (చిప్ పిన్‌లు) వాటికీ ఇదే పద్ధతి, జీపీఐఓడీ_సెట్_వాల్యూకు నల్ ఇస్తే ఏమీ చేయదు. కాబట్టి వాటి చుట్టూ నల్ చెక్‌లు పెట్టి కోడ్ చిందరవందర చేయకండి. అయితే నల్ క్లాక్‌ను రేట్ అడిగితే సున్నా వస్తుంది, ఆ సున్నాతో భాగిస్తే మాత్రం ఇంకో రకం క్రాష్. రెగ్యులేటర్ల దగ్గర ఈ అలవాటు తలకిందులవుతుంది: డెవ్ఎం_రెగ్యులేటర్_గెట్_ఆప్షనల్ లేనప్పుడు నల్ ఇవ్వదు, మైనస్ ఈనోడెవ్ (డివైస్ లేదన్న ఎర్రర్ కోడ్) ఇస్తుంది, పైగా ఆప్షనల్ లేని మామూలు గెట్టే డమ్మీ రెగ్యులేటర్ ఇస్తుంది.

సున్నా బైట్లు అడిగితే కేమాలక్ నల్ ఇవ్వదు, 16 అనే విలువ ఉన్న ఒక ప్రత్యేక పాయింటర్ ఇస్తుంది. నల్ చెక్ దాటుతుంది, ముట్టుకుంటే క్రాష్ అవుతుంది. సైజు బయటి నుంచి వస్తుంటే సున్నా కాదని ముందే చూసుకోండి. లిస్ట్‌ల దగ్గర కూడా ఇలాంటిదే ఉంది: లిస్ట్_ఫస్ట్_ఎంట్రీ ఖాళీ లిస్ట్ మీద కూడా నల్ ఇవ్వదు, లిస్ట్ హెడ్ అడ్రస్ నుంచి ఆఫ్‌సెట్ తీసేసిన ఏదో ఒక చెత్త పాయింటర్ ఇస్తుంది, చెక్ చేయాలనుకుంటే _ఆర్_నల్ అని ముగిసే రూపం వాడాలి. కంటైనర్_ఆఫ్ (మెంబర్ పాయింటర్ నుంచి మొత్తం స్ట్రక్ట్ పాయింటర్ లెక్కించేది) ఫలితాన్ని నల్‌తో పోల్చడం కూడా అర్థం లేని పనే, లోపలికి ఇచ్చిన పాయింటర్‌నే పోల్చాలి.

మ్యాచ్ డేటా (డ్రైవర్ టేబుల్‌లో ఒక్కో డివైస్ రకానికి పెట్టే సమాచారం) గురించి ఒక మాట. మన టేబుల్‌లో అన్ని ఎంట్రీలకూ డేటా ఉంది కాబట్టి డివైస్_గెట్_మ్యాచ్_డేటా నుంచి నల్ రాదని చాలామంది వాదిస్తారు. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ డివైస్‌లను ఫైళ్లుగా చూపే చోటు) డ్రైవర్_ఓవర్‌రైడ్ రాసి మన టేబుల్‌తో సంబంధం లేని డివైస్‌కు మన డ్రైవర్‌ను కట్టేయొచ్చు, అప్పుడు నల్ వస్తుంది. ప్రోబ్‌లో ఒక్క చెక్ పెట్టి మైనస్ ఈనోడెవ్ ఇవ్వండి, తర్వాత ఇంకెక్కడా చూడాల్సిన పని లేదు.

ప్రోబ్‌లో వరుస

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. ప్రోబ్ ఫంక్షన్ రాసేటప్పుడు పై నుంచి కిందికి వరుసగా నడుస్తుంది కాబట్టి, అంతా అయ్యాకే డివైస్ పని మొదలుపెడుతుందని మన మనసులో ఉంటుంది. నిజానికి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ను తగిలించే రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ తిరిగి రాకముందే మీ హ్యాండ్లర్ నడవొచ్చు. బూట్‌లోడర్ డివైస్‌ను ఆన్ చేసి వదిలేసి ఉండొచ్చు, కేడంప్ కెర్నెల్‌లో (క్రాష్ అయ్యాక మెమరీని దాచడానికి లేచే రెండో కెర్నెల్) అయితే పాత కెర్నెల్ చచ్చేటప్పుడు డివైస్‌ను ఎవరూ ఆపలేదు కాబట్టి ఇంటరప్ట్ అప్పటికే సిద్ధంగా వేచి ఉంటుంది, ఇంటరప్ట్ లైన్ షేర్డ్ అయితే పక్క డివైస్ ఇంటరప్ట్‌కు కూడా మీ హ్యాండ్లర్‌ను పిలుస్తారు. హ్యాండ్లర్‌లో మీరు వాడే రింగ్ బఫర్, వర్క్‌క్యూ (తర్వాత చేయాల్సిన పనుల వరుస), నెట్‌డివైస్ పాయింటర్ ఆ క్షణానికి ఇంకా నల్ అయితే కథ అయిపోయింది. ఇది మీ టేబుల్ మీద ఉన్న బోర్డులో ఎప్పటికీ రాదు, బయట వేల మిషన్లలో ఎక్కడో ఒకచోట అప్పుడప్పుడు వస్తుంది, అదే టెన్షన్.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: మెమరీ తీసుకోండి, లాక్‌లు, లిస్ట్‌లు, వర్క్‌లు, కంప్లీషన్‌లు అన్నీ ఇనిషియలైజ్ చేయండి, డ్రైవర్ డేటా సెట్ చేయండి, రిజిస్టర్లు మ్యాప్ చేసి డివైస్‌లో ఇంటరప్ట్‌లు మాస్క్ చేయండి, పెండింగ్ ఉన్నవి క్లియర్ చేయండి, ఆ తర్వాతే ఐఆర్‌క్యూ అడగండి, అన్నిటికంటే చివర బయటి ప్రపంచానికి కనబడేలా రిజిస్టర్ చేయండి. రిజిస్టర్ అంటే నెట్‌డివైస్ కావచ్చు, క్యారెక్టర్ డివైస్ కావచ్చు, ఇన్‌పుట్ డివైస్ కావచ్చు. రిజిస్టర్_నెట్‌డెవ్ నుంచి కోడ్ తిరిగి వచ్చేలోపే ఎవరైనా ఓపెన్ పిలవొచ్చు. "రిజిస్టర్ అయ్యాక ఇంకో చిన్న పాయింటర్ సెట్ చేస్తాను" అన్న ఆలోచన వచ్చిందంటే అక్కడ బగ్ ఉన్నట్టే.

సిస్ఎఫ్ఎస్ ఫైళ్లు కూడా బయటి ప్రపంచమే. ప్రోబ్ మధ్యలో చేత్తో ఫైల్ క్రియేట్ చేసి, డ్రైవర్ డేటా ఆ కింద లైన్‌లో సెట్ చేస్తే, యూడెవ్ (కొత్త డివైస్‌లను చూసుకునే ప్రోగ్రామ్) లాంటిది మధ్యలో ఆ ఫైల్ చదివిందంటే షో ఫంక్షన్‌లో నల్ వస్తుంది. డ్రైవర్ స్ట్రక్ట్‌లో డెవ్_గ్రూప్స్ నింపేస్తే ప్రోబ్ విజయవంతంగా అయ్యాకే డ్రైవర్ కోర్ ఆ ఫైళ్లు చేస్తుంది, తీసేటప్పుడు మీ రిమూవ్ కంటే ముందే తీసేస్తుంది. ఒక్క లైన్‌తో ఒక తరగతి బగ్‌లు పోతాయి, ఎందుకు ఇంకా చేత్తో చేస్తారో నాకు అర్థం కాదు.

సగంలో ఫెయిలైతే వెనక్కి విప్పే దారి కూడా అంతే ముఖ్యం. గోటూ లేబుల్స్ తీసుకున్న వరుసకు సరిగ్గా రివర్స్‌లో ఉండాలి, ప్రతి లేబుల్ దానికంటే ముందు తీసుకున్నవాటినే విడిచిపెట్టాలి. అన్నిటికీ ఒకే "ఎర్రర్" లేబుల్ పెట్టి, అక్కడ ఇంకా తీసుకోని వాటిని కూడా విడిచిపెట్టబోతే నల్ పాయింటర్ మీద పని చేస్తారు. కేఫ్రీకి నల్ ఇచ్చినా ఫర్వాలేదు, కానీ అన్ని ఫంక్షన్లూ అంత మంచివి కావు. 6.5 కెర్నెల్ నుంచి స్కోప్ ముగియగానే దానంతటదే ఫ్రీ అయ్యే పద్ధతి, గార్డ్ లాక్‌లు వచ్చాయి. అవి వాడితే ఆ పాయింటర్‌ను విలువ ఇచ్చే చోటే డిక్లేర్ చేయండి. పైన విలువ లేకుండా డిక్లేర్ చేసి, మధ్యలో ఎక్కడో రిటర్న్ ఉంటే చెత్త పాయింటర్‌ను ఫ్రీ చేస్తుంది.

తీసేటప్పుడు

ప్రోబ్ కంటే రిమూవ్ ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ సరిగ్గా టెస్ట్ చేయరు. సూత్రం తేలికే: ముందు కొత్త పని రాకుండా తలుపు మూయాలి, అంటే అన్‌రిజిస్టర్ చేయాలి, డివైస్‌లో ఇంటరప్ట్‌లు ఆపాలి. తర్వాత అప్పటికే మొదలైన పని పూర్తయ్యేదాకా ఆగాలి, అంటే ఫ్రీ_ఐఆర్‌క్యూ, క్యాన్సిల్_వర్క్_సింక్, యూఎస్‌బీ అయితే యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ. ఆ తర్వాతే మెమరీ విడిచిపెట్టాలి. టైమర్ వర్క్‌ను క్యూ చేస్తుంది, వర్క్ మళ్లీ టైమర్‌ను మొదలుపెడుతుంది అనే ముడి ఉంటే ఏది ముందు ఆపినా రెండోది దాన్ని లేపుతుంది, దానికోసమే 6.2 కెర్నెల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చింది, ఒకసారి పిలిచాక ఆ టైమర్‌ను మళ్లీ మొదలుపెట్టబోయినా మొదలుకాదు.

డెవ్ఎం ఫంక్షన్లు (తీసుకున్నవాటిని డ్రైవర్ పోయాక వాటంతటవే విడిచిపెట్టేవి) చాలా మంచివి, కానీ సగం డెవ్ఎం, సగం చేత్తో రాసిన డ్రైవర్లలోనే ఎక్కువ గొడవ. డెవ్ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూతో తీసుకున్న ఇంటరప్ట్ మీ రిమూవ్ ఫంక్షన్ పూర్తిగా ముగిశాకే విడుదలవుతుంది. మీరు రిమూవ్‌లో చేత్తో బఫర్ ఫ్రీ చేసి పాయింటర్‌ను నల్ చేస్తే, ఆ రెండింటి మధ్య వచ్చిన ఇంటరప్ట్ నేరుగా ఆ నల్ మీద పడుతుంది. అన్నీ డెవ్ఎం చేయండి, డెవ్ఎం రూపం లేని వాటికి డెవ్ఎం_యాడ్_యాక్షన్_ఆర్_రీసెట్‌తో మీ క్లీనప్ కలపండి, అప్పుడు తీసుకున్న వరుసకు రివర్స్‌లో వాటంతటవే పోతాయి. లేదా ఐఆర్‌క్యూ నుంచి కింద అంతా చేత్తోనే చేయండి. మధ్యలో వద్దు.

ఊడదీయగలిగే డివైస్‌లలో ఇంకో చిక్కుంది. యూజర్ ఫైల్ తెరిచి పెట్టుకుని ఉన్నాడు, డివైస్ ఊడదీశారు, డిస్‌కనెక్ట్ నడిచింది, కానీ ఆ ఫైల్ ఇంకా తెరిచే ఉంది, యూజర్ ఇప్పుడు రీడ్ పిలుస్తాడు. ఇక్కడ స్ట్రక్ట్‌ను ఎంతమంది వాడుతున్నారో కేరెఫ్‌తో లెక్కపెట్టి, చివరి ఫైల్ మూసేదాకా బతికించాలి. డిస్‌కనెక్ట్‌లో మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరే పట్టుకోగల లాక్) పట్టుకుని ఇంటర్‌ఫేస్ పాయింటర్‌ను నల్ చేయాలి, రీడ్, రైట్, ఐఓకంట్రోల్ అన్నిటిలో అదే మ్యూటెక్స్ పట్టుకుని ఆ పాయింటర్ చూసి, నల్ అయితే మైనస్ ఈనోడెవ్ ఇవ్వాలి. గమనించండి, ఇక్కడ నల్ చెక్ కావాలి, ఎందుకంటే ఇక్కడ నల్‌కు ఒక అర్థం ఉంది: డివైస్ పోయింది. అర్థం ఉన్న నల్‌ను చెక్ చేయడం వేరు, ఎందుకొచ్చిందో తెలియని నల్‌ను చెక్ చేయడం వేరు.

మ్యూటెక్స్ మాట ఎందుకన్నానంటే, లాక్ లేకుండా ఇఫ్‌లో పాయింటర్ చూసి తర్వాత లైన్‌లో వాడడం వల్ల ఏ రక్షణా లేదు. చూసిన తర్వాత, వాడే ముందు, ఇంకో సీపీయూ మీద డిస్‌కనెక్ట్ దాన్ని నల్ చేయొచ్చు. రీడ్_వన్స్‌తో లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుంటే నల్ క్రాష్ రాదు నిజమే, కానీ ఆ మెమరీ అప్పటికే ఫ్రీ అయి ఉండొచ్చు, అంటే నల్ క్రాష్‌ను యూజ్ ఆఫ్టర్ ఫ్రీగా మార్చారు, అది ఇంకా ఘోరం. నల్ క్రాష్ కనీసం అక్కడికక్కడే అరుస్తుంది, ఫ్రీ అయిన మెమరీలో రాస్తే ఎక్కడో వేరే సబ్‌సిస్టమ్ చస్తుంది. లాక్ పెట్టండి, వేగం కావాలంటే ఆర్‌సీయూ (చదివేవాళ్లు లాక్ కోసం ఆగనక్కర్లేని పద్ధతి) వాడండి: రాసేవాళ్లు పాయింటర్‌ను నల్ చేసి, సింక్రనైజ్_ఆర్‌సీయూ దాకా ఆగి, అప్పుడు ఫ్రీ చేయాలి, చదివేవాళ్లు ఆర్‌సీయూ రీడ్ లాక్ లోపలే ఆర్‌సీయూ_డీరిఫరెన్స్‌తో తీసుకోవాలి.

హార్డ్‌వేర్ చెప్పిందల్లా నమ్మొద్దు

యూఎస్‌బీ డ్రైవర్లలో ఒకప్పుడు చాలా చోట్ల, ఇంటర్‌ఫేస్‌లో మొదటి ఎండ్‌పాయింట్ (డేటా వెళ్లే దారి) ఉంటుందనే నమ్మకంతో నేరుగా దాన్ని వాడేవారు. ఎండ్‌పాయింట్లు సున్నా అని డిస్క్రిప్టర్‌లో (డివైస్ తన గురించి ఇచ్చే వివరాలు) చెప్పే నకిలీ డివైస్‌ను గుచ్చితే కెర్నెల్ పడిపోయేది. 2016లో ఒక్క వరుసలో పవర్‌మేట్, ఐఓవారియర్, సైప్రస్ ఎం8, సీడీసీ-ఏసీఎం లాంటి డ్రైవర్లన్నిటికీ ఇదే తరహా తప్పుకు సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్లు) వచ్చాయి. ఇప్పుడు యూఎస్‌బీ_ఫైండ్_కామన్_ఎండ్‌పాయింట్స్ ఉంది, కావాల్సిన రకం లేకపోతే ఎర్రర్ ఇస్తుంది, చేత్తో వెతకకండి. అలాగే యూఎస్‌బీ_ఇఫ్‌నమ్_టు_ఇఫ్ అడిగిన ఇంటర్‌ఫేస్ లేకపోతే నల్ ఇస్తుంది, ఆ నంబర్ డివైస్ నుంచే వస్తోంది కాబట్టి అది ఎప్పుడైనా తప్పుగా ఉండొచ్చు.

విండోస్‌లో దీనికి సాటి ఏమిటంటే యూజర్ పంపే సున్నా పొడవు రిక్వెస్ట్. డైరెక్ట్ ఐఓలో పొడవు సున్నా అయితే ఐఆర్‌పీలో (డ్రైవర్‌కు వచ్చే రిక్వెస్ట్ స్ట్రక్ట్) ఎండీఎల్ (బఫర్ పేజీల జాబితా) అడ్రస్ నల్‌గా ఉంటుంది, బఫర్డ్ పద్ధతిలో లోపలికి, బయటికి రెండు పొడవులూ సున్నా అయితే సిస్టమ్ బఫర్ కూడా నల్ కావొచ్చు. ఎండీఎల్ ఉన్నా మెమరీ తక్కువగా ఉంటే ఎంఎంగెట్‌సిస్టమ్అడ్రస్‌ఫర్‌ఎండీఎల్‌సేఫ్ నల్ ఇస్తుంది. డబ్ల్యూడీఎఫ్ (విండోస్ డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్) వాడితే రిక్వెస్ట్ బఫర్ తీసుకునే ఫంక్షన్‌కు కనీస పొడవు ఇవ్వండి, తక్కువైతే అదే ఎర్రర్ ఇస్తుంది.

నల్ కాదని తేలినంత మాత్రాన పాయింటర్ మంచిదని కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయినప్పుడు మొదట్లో అందరూ నల్ పాయింటర్ అనే అన్నారు. తర్వాత తేలింది వేరు: టెంప్లేట్ 21 ఇన్‌పుట్లు ఉంటాయంది, కోడ్ ఇచ్చింది 20, లేని 21వ దాన్ని చదివారు. అలా హద్దు దాటి తెచ్చుకున్న విలువ సున్నా కాకపోతే ఏ నల్ చెక్ అయినా దాన్ని లోపలికి పంపేస్తుంది. బయటి నుంచి వచ్చే ఫైల్, ఫర్మ్‌వేర్, డిస్క్రిప్టర్, ఏదైనా సరే, ముందు సంఖ్య, పొడవు సరిచూసి ఆ తర్వాతే పాయింటర్ల జోలికి వెళ్లండి.

చెక్ కంటే ముందు వాడితే

2009లో లైనక్స్ టన్ (వర్చువల్ నెట్‌వర్క్) డ్రైవర్‌లో దొరికిన బగ్ ప్రతి డ్రైవర్ రాసేవాళ్లూ తెలుసుకోవాలి. పోల్ ఫంక్షన్‌లో మొదటి లైన్లలో టన్ పాయింటర్ నుంచి సాకెట్ పాయింటర్ చదివారు, ఆ కింద టన్ నల్ అయితే వెనక్కి వెళ్లిపొమ్మన్న చెక్ ఉంది. చూడడానికి చెక్ ఉంది కదా అనిపిస్తుంది. కానీ పాయింటర్‌ను అప్పటికే వాడేశారు కాబట్టి అది నల్ అయ్యే అవకాశం లేదని కంపైలర్ నిర్ణయించుకుని ఆ చెక్‌నే తీసేసింది. సున్నా అడ్రస్ దగ్గర పేజీ మ్యాప్ చేయగలిగితే క్రాష్ కూడా రాదు, కోడ్ ముందుకు సాగి దాడి చేసేవాడి చేతిలో పడుతుంది. ఆ తర్వాత ఇలా నల్ చెక్‌లు తీసేయొద్దని జీసీసీ కంపైలర్‌కు చెప్పే ఫ్లాగ్ కెర్నెల్ మేక్‌ఫైల్‌లో చేరింది, సున్నా పేజీని మ్యాప్ చేయనివ్వని ఎంమ్యాప్_మిన్_అడ్రస్ రక్షణ అప్పటికే ఉన్నా దాన్ని తప్పించుకునే దారులు అప్పట్లో దొరికాయి. మీ కోడ్‌లో డిక్లరేషన్ల దగ్గరే బాణం గుర్తుతో విలువ తీసుకుని, చెక్ కింద పెట్టే అలవాటుంటే మానుకోండి. అన్నట్టు, ఇలాంటి చోట చెక్ తీసేయడమే సరైన మార్పు కావొచ్చు: ఆ పాయింటర్ నిజంగా ఎప్పుడూ నల్ కాదంటే చెక్ అబద్ధం చెబుతున్నట్టే, చదివేవాళ్లు దాన్ని చూసి నల్ రావొచ్చేమో అనుకుంటారు.

పడగొట్టి చూడండి

చిన్న కేమాలక్‌లు మామూలు పరిస్థితుల్లో దాదాపు ఎప్పుడూ ఫెయిల్ కావు. అంటే మీ ఎర్రర్ దారులు ఒక్కసారి కూడా నడవకుండానే రిలీజ్ అవుతాయి. ఫాల్ట్ ఇంజెక్షన్, ఫెయిల్‌స్లాబ్ కాన్ఫిగ్‌లు (అలొకేషన్లను కావాలని ఫెయిల్ చేయించేవి) ఆన్ చేసి, ప్రాక్‌లో ఉండే ఫెయిల్-ఎన్‌టీహెచ్ ఫైల్‌లో 1, 2, 3 అని వరుసగా రాస్తూ ప్రతిసారీ డ్రైవర్‌ను బైండ్ చేయించండి, మొదటిసారి మొదటి అలొకేషన్ ఫెయిలవుతుంది, తర్వాత రెండోది, అలా ప్రోబ్‌లో ఉన్న ప్రతి ఎర్రర్ దారి నడుస్తుంది. ఒక్క సాయంత్రం పని, కానీ దీనంత ఫలితం ఇచ్చేది ఇంకోటి నేను చూడలేదు. విండోస్‌లో ఇదే పనికి డ్రైవర్ వెరిఫయర్‌లో లో రిసోర్సెస్ సిమ్యులేషన్ ఉంది.

రిమూవ్ కోసం డీబగ్_టెస్ట్_డ్రైవర్_రిమూవ్ కాన్ఫిగ్ ఆన్ చేస్తే కెర్నెల్ ప్రతి డ్రైవర్‌కూ ప్రోబ్, రిమూవ్, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. డీబగ్_షర్‌క్యూ ఆన్ చేస్తే షేర్డ్ ఇంటరప్ట్‌ను విడిచిపెట్టేటప్పుడు కావాలని ఒక దొంగ ఇంటరప్ట్ పంపుతుంది. ఒక టెర్మినల్‌లో సిస్ఎఫ్ఎస్ నుంచి బైండ్, అన్‌బైండ్ లూప్ తిప్పుతూ, ఇంకో దాంట్లో డివైస్ ఫైల్ తెరిచి చదువుతూ కాసాన్ కెర్నెల్ మీద ఒక రాత్రంతా వదిలేయండి. కోడ్ నడపకుండా పట్టుకునే వాటిలో స్మాచ్, స్పార్స్, కాక్సినెల్ మూడూ నడపండి. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని కాక్సినెల్ నల్ నియమాలు కాక్సిచెక్‌తో మీ ఒక్క డైరెక్టరీ మీద కూడా నడుస్తాయి. యూఎస్‌బీ డ్రైవర్ అయితే సిజ్‌కాలర్ (రకరకాల ఇన్‌పుట్లతో కెర్నెల్‌ను పడగొట్టి చూసే టూల్) కూడా. కొత్తగా మొదలుపెట్టే డ్రైవర్‌కు రస్ట్ భాష కుదురుతుందేమో చూడండి, 6.1 నుంచి కెర్నెల్‌లో మొదటి సపోర్ట్ ఉంది, ఆప్షన్ టైప్ వల్ల నల్ అవ్వొచ్చన్న విషయం కంపైలర్ ముందే అడుగుతుంది, అయితే అన్ని సబ్‌సిస్టమ్‌లకూ బైండింగ్‌లు ఇంకా లేవు కాబట్టి మీ డివైస్‌కు కావాల్సినవి ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి.

జరగకూడనిది జరిగిందేమో అని అనుమానం ఉన్న చోట బగ్_ఆన్ పెట్టకండి, వార్న్_ఆన్_వన్స్ పెట్టి ఎర్రర్‌తో వెనక్కి రండి. సిస్టమ్ బతుకుతుంది, ట్రేస్ లాగ్‌లో ఉంటుంది. శబ్దం లేకుండా రిటర్న్ అయ్యే ఇఫ్ మాత్రం వద్దు, ఆ డివైస్ పని చేయడం మానేసిందని ఎవరో నెల తర్వాత రిపోర్ట్ చేస్తే మీ దగ్గర ఒక్క ఆధారం కూడా ఉండదు.

ఇక ప్యాచ్ పంపేటప్పుడు సబ్జెక్ట్‌లో "నల్ చెక్ కలిపాను" అని రాసి ఊరుకోకండి. ఏ పాయింటర్, ఏ దారిలో, ఏ వరుసలో జరిగితే నల్ అవుతుందో రెండు సీపీయూల అడుగులు పక్కపక్కన రాయండి, ఊప్స్‌లో పనికొచ్చే ముక్క అతికించండి, ఆ వరుసను తప్పుగా తెచ్చిన పాత కమిట్‌ను ఫిక్సెస్ ట్యాగ్‌లో చూపించండి, పాత కెర్నెల్‌లలోనూ ఉంటే స్టేబుల్‌కు కాపీ పెట్టండి. అలా రాయబోతే ఆ రెండు సీపీయూల అడుగులు మీకే కుదరడం లేదంటే కారణం ఇంకా దొరకలేదని అర్థం, ప్యాచ్ పక్కన పెట్టి మళ్లీ ఆ ఆఫ్‌సెట్ దగ్గరికి వెళ్లండి.